ఏ నీళ్ల చేప? ఏ రోజు చేప? పలక మీద రాయండి!

సూర్యలంక, వాడరేవు, రామాపురం, మంగినపూడి, పేరుపాలెం, భీమిలి తీరాలకు సెలవులకొచ్చే వారికీ, అక్కడ హోటళ్లు నడిపేవారికీ, తీర పంచాయతీల వారికీ, మత్స్యశాఖ అధికారులకూ విన్నపం



ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. మళ్లీ జూన్ రెండో వారంలో తెరుస్తారు. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు జనం పిల్లాజెల్లాతో సముద్రానికి బయల్దేరేది ఈ నడుమే. సరిగ్గా ఈ నడుమే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, తూర్పు తీరం పొడవునా మర పడవలూ ఇంజను తెప్పలూ వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం, వాటిని వదిలేయాలని ఈ నిషేధం. ఆ రెండు నెలలూ మత్స్యకార కుటుంబాలు ప్రభుత్వమిచ్చే భృతి మీద నెట్టుకొస్తాయి. 2025లో మన ఆంధ్రలో ఆ భృతిని ఇంటికి 20,000 రూపాయలు చేశారు.

అంటే మనం చేప తిందామని ఒడ్డుకు పోయే రోజులూ, ఒడ్డుకు చేప రాని రోజులూ ఒకటే.

అయినా మే నెలలో ఏ బీచి హోటలుకు వెళ్లండి, వంజరం వేపుడు ఉంటుంది, చందువా ఉంటుంది, "ఇప్పుడే పడవ దిగింది సార్" అన్న మాటా ఉంటుంది. ఎదురుగా ఇసుకలో పడవలన్నీ బోర్లించి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ మనుషులు వాటి నీడన కూర్చుని ఉంటారు. ఆ దృశ్యాన్ని మనం ఫోనులో ఫొటో తీసుకుంటాం, తిరిగొచ్చి వంజరం ముక్క కొరుకుతాం. ఈ రెంటికీ లంకె కుదరడం లేదని ఎవరికీ తట్టదు.

మరి ఆ వంజరం ఎక్కడిది? నిషేధానికి ముందు పట్టి శీతల గిడ్డంగిలో పెట్టింది కావచ్చు. మే నెలాఖరు వరకూ పడమటి తీరంలో వేట సాగుతుంది కాబట్టి అటునుంచి లారీలో వచ్చింది కావచ్చు. జూన్ మొదట్లో అక్కడా నిషేధం మొదలవుతుంది. కేరళలో ఒక వారం ఆలస్యంగా మొదలైనా, జూన్ రెండో వారం వచ్చేసరికి అటూ ఇటూ రెండు తీరాలూ మూతే. ఆ వారంలో కూడా "ఇవాళ్టి వంజరం" అని వడ్డించేవాళ్లున్నారు. తెడ్డు వేసుకుని, తెరచాప కట్టుకుని పోయే నాటు పడవలకు నిషేధం లేదు. వాటికి ఒడ్డు దగ్గర చిన్నాచితకా చేపలు పడతాయి. మేలో నిజంగా పడవ దిగిన చేప కావాలంటే అవే దిక్కు. హోటలు జాబితాలో మాత్రం వాటి పేర్లు కనపడవు.

గడ్డకట్టించిన చేప తినడం తప్పని ఈ కరపత్రం అనడం లేదు. పట్టిన వెంటనే సరిగా గడ్డకట్టిస్తే ఆ చేపకు వంక పెట్టనక్కర్లేదు. చెరువు రొయ్య తక్కువదనీ అనడం లేదు. మన కోస్తా జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు వనామీ రొయ్య మీద బతుకుతున్నాయో అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ చెరువుల గట్ల మీద ఎంత దిగులు కమ్ముకుందో కూడా తెలుసు. మన రొయ్య మనం తినాలి. కానీ చెరువు రొయ్యను చెరువు రొయ్యగానే అమ్మాలి. మన అభ్యంతరం చేప మీద కాదు, చేప గురించి చెప్పే అబద్ధం మీద.

అందుకని మొదట అడుగుతున్నది ఒక పలక. తీరంలో చేప వండి అమ్మే ప్రతి హోటలూ, ప్రతి బండీ, బళ్లో పిల్లలు రాసుకునేలాంటి నల్ల పలకొకటి గుమ్మం దగ్గర పెట్టాలి. రోజూ పొద్దున సుద్దముక్కతో నాలుగు మాటలు రాయాలి: చేప పేరు, సముద్రందా చెరువుదా, ఇవాళ దిగిందా ఐసులో ఉన్నదా గడ్డకట్టించినదా, కిలో ఎంత. "సైజును బట్టి రేటు" అని రాసి ఊరుకోవడం కాదు. తూకం వేసి చూపించి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. యూరప్ దేశాల్లో 2013లో చేసిన చట్టం ఒకటుంది. అక్కడి దుకాణంలో చేపో రొయ్యో అమ్మాలంటే దాని జాతి పేరు, వేటలో పట్టిందా పెంచిందా, ఏ ప్రాంతానిది, ఒకసారి గడ్డకట్టించి కరిగించిందా అన్నవి కొనేవాడికి తెలియజేయాలి. మన భీమవరం రొయ్య ఆ దేశాలకు వెళ్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చీటీ మీదకెక్కుతాయి. ఎగుమతి కోసం మన చెరువులకు రిజిస్ట్రేషన్లున్నాయి, పరీక్షలున్నాయి, కాగితాలున్నాయి. అదే రొయ్య యాభై కిలోమీటర్లు ప్రయాణించి మన బీచి హోటలుకొస్తే దానికి ఊరూ పేరూ ఉండవు. పరాయి దేశపు తిండిపోతుకిచ్చే మర్యాద మన తిండిపోతుకు దక్కకూడదా?

కొత్త చట్టం కోసం కూడా ఆగనక్కర్లేదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం, ఉన్నది ఒకటైతే ఇంకొకటని నమ్మించి తిండి అమ్మడం నేరమే. దానికి మూడు లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఉన్న చట్టాన్ని బీచి దాకా నడిపించే మనిషి లేకపోవడమే మన లోటు.

ఇక బోన్‌లెస్ సంగతి. హైదరాబాదులో పుట్టి ఊరూరా పాకిన అపోలో ఫిష్ ఇప్పుడు సముద్రపుటొడ్డునా రాజ్యమేలుతోంది. ముల్లు లేకుండా, చవగ్గా, ముక్కలు ముక్కలుగా దొరికే చేప కావాలి కాబట్టి చాలాచోట్ల దానికి వాడేది పంగాసియస్, అంటే బాసా. అది మంచినీటి చెరువుల్లో పెంచే చేప. ఆరేడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, అలల చప్పుడు వింటూ, ఇంటి పక్క సందులో దొరికే చెరువు చేపనే పిండిలో ముంచి వేయించగా తినడం ఒక రకం వైరాగ్యం. ఎవరి ఇష్టం వారిది. పలక ఉంటే కనీసం తెలిసి తింటారు.

తాజాదనం గురించి మనలో పాతుకుపోయిన అపోహ ఒకటుంది. ఐసు పెట్టిన చేపంటే పాతదనీ, ఐసు లేకుండా ఇసుక మీద పోసిందంటే తాజాదనీ అనుకుంటాం. నిజం తిరగబడి ఉంటుంది. మన ఎండకు ఐసు లేని చేప గంటల్లోనే చెడటం మొదలెడుతుంది. వలలోంచి తీసిన వెంటనే ఐసులో పెట్టిన చేప రోజుల తరబడి నిలుస్తుంది. నిన్న పట్టి ఐసులో కప్పిన చందువా, ఇవాళ పట్టి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టిన చందువా కన్నా ఎంతో మేలు. కాబట్టి "ఎప్పుడు పట్టారు?" అని అడిగితే చాలదు, "ఎప్పుడు ఐసు పెట్టారు?" అని కూడా అడగాలి.

కానాగంతలు, కవ్వలు, తూర చేపల విషయంలో ఇది మరీ ముఖ్యం. వీటిని ఎండలో ఉంచితే కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఒకసారి పేరుకున్నాక ఎంత ఉడికించినా, ఎంత కారం పట్టించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, తలపోటు, దురద, కడుపులో తిప్పడం మొదలవుతాయి. ఇంటికెళ్లి "మాకు సముద్రపు చేప పడదు" అని తీర్మానించుకుని జన్మలో మళ్లీ ముట్టనివాళ్లున్నారు. వాళ్లలో కొందరికైనా పడనిది చేప కాదు, ఐసు లేకపోవడం. పక్షానికోసారి వచ్చే బేరం ఇలా జీవితాంతం పోతే నష్టం తినేవాడి కన్నా పట్టేవాడికే ఎక్కువ.

ఐసుకు బదులు అడ్డదారి తొక్కితే ఏమవుతుందో 2018లో చూశాం. ఆ ఏడాది కేరళ అధికారులు ఫార్మాలిన్ కలిపిన చేపల లారీలను సరిహద్దుల్లో పట్టుకున్నారు. గోవా కొన్నాళ్లు బయటి చేపను రానివ్వలేదు. అస్సాం మన ఆంధ్ర చేపనే నిలిపేసింది. ఎవరో కొందరు చేసిన పనికి తీరమంతా తలదించుకుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన చిన్న కాగితపు పట్టీలతో చేపలో ఫార్మాలిన్, అమ్మోనియా ఉన్నాయో లేవో నిమిషాల్లో తేల్చవచ్చు. సెలవుల రద్దీలో, శని ఆదివారాల్లో, ఆ పట్టీలు పట్టుకుని ఆహార భద్రతా సిబ్బంది ఒకరు బీచిలో తిరిగితే ఎంత ఖర్చు? ఫలితాన్ని ఆ హోటలు పలక మీదే రాయమనండి.

పలక తర్వాత అడుగుతున్నది పొయ్యి. ఫోర్ట్ కొచ్చిలో చీనా వలల పక్కన చేప కొనుక్కుని, అక్కడే ఉన్న కొట్లో ఇస్తే కూలి తీసుకుని వండి పెడతారు. మన వాడరేవులో పడవలు దిగేదీ, బీచికొచ్చిన జనం తిరిగేదీ ఒకే ఇసుక. అయినా ఆ చేపకూ ఈ జనానికీ నడుమ అడ్డుగోడ ఉన్నట్టే ఉంటుంది. పొద్దున్నే చేపల వేలంపాట జరుగుతుంది. పెద్ద చేప పాటదారుల ఐసుపెట్టెల్లోకి ఎక్కి నగరాలకు పోతుంది. మిగిలింది తట్టలకెత్తుకుని ఆడవాళ్లు ఊళ్లమ్మట తిరుగుతారు. బీచి చూడొచ్చినవాళ్లు అప్పటికింకా గదుల్లో నిద్రలోనే ఉంటారు. లేచినా, పచ్చి చేప కొని లాడ్జి గదిలో ఏం చేసుకుంటారు?

అందుకే పడవలు దిగేచోట ఒక నీడ, మంచి నీళ్లు, ఐసు, చేప కోసే గట్టు, మురుగు పోయే కాలువ, నాలుగైదు పొయ్యిలు కావాలి. వాటిని మత్స్యకార కుటుంబాల డ్వాక్రా సంఘాలకే అప్పగించాలి. చేప మీరు కొనుక్కోండి, కిలోకింత చొప్పున కూలిచ్చి పులుసో ఇగురో వేపుడో చేయించుకోండి. గుడిసె హోటలు వంట కన్నా ఆ అమ్మలు ఇంట్లో వండుకునే నెత్తళ్లు మామిడికాయ కూర వెయ్యి రెట్లు మేలని ఒకసారి తిన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తీర నియంత్రణ నిబంధనలు అడ్డొస్తాయంటారు కొందరు. ఆ నిబంధనలే మత్స్యకారుల వేలం షెడ్లకూ, ఐసు ప్లాంట్లకూ, చేపలు ఆరబెట్టే కళ్లాలకూ చోటిచ్చాయి. బీచి పక్కన గోడలు కట్టిన రిసార్టుల వారికి దొరికిన దారి చేపలమ్మే అమ్మలకు దొరకదా?

హోటళ్లవారి బాధా మాకు తెలుసు. "గడ్డకట్టిన చేప అని రాస్తే ఎవడు తింటాడు?" అంటారు. ఒక్క హోటలే రాస్తే నిజమే, బేరం పక్క హోటలుకు పోతుంది. అందుకే అందరూ రాయాలంటున్నాం, పంచాయతీయే రాయించాలంటున్నాం. పైగా నిజం రాసే చోట ఇంకో సౌకర్యముంది. వాయుగుండం పట్టి నాలుగు రోజులు పడవలు కదలనప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా, "ఇవాళ వేట లేదు, పప్పుచారు, చెరువు రొయ్యల వేపుడు ఉన్నాయి" అని ధైర్యంగా రాసుకోవచ్చు. వచ్చినవాడు అర్థం చేసుకుంటాడు. అర్థం చేసుకోనివాడికి ఎప్పుడు ఏం పెట్టినా గొడవే.

సెలవులకొచ్చేవారికి నాలుగు మాటలు. వంజరం, చందువా తప్ప చేపే లేదన్నట్టు అడగడం మానండి. మీరడుగుతున్నారనే వాళ్లు ఎక్కడెక్కడినుంచో తెచ్చిపెడుతున్నారు. ఒడ్డున ఏది దిగితే అది తినండి: గులివిందలు, సావళ్లు, కవ్వలు, నెత్తళ్లు. ముళ్లంటే భయమైతే పిల్లలకు ఒలిచి పెట్టండి, మన పెద్దలు మనకలాగే పెట్టారు. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడాలి. పీత బతికుండాలి, చేతికి బరువు తగలాలి. కింద గుడ్లున్న పీతను కొనకండి. ఎవరూ కొనకపోతే పట్టినవాళ్లే దాన్ని నీళ్లలోకి వదిలేస్తారు. కార్తీకంలో నీసు మాననివారికి ఇంకో రహస్యం: ఆ నెల సూర్యలంకలో స్నానాలకు ఇసుక కనపడనంత జనం ఉంటారు, చేప కొనేవాళ్లు మాత్రం తక్కువ. మంచి చేప చవగ్గా దొరికే నెల అదే. వేసవిలోనే రావాలనుకుంటే, వీలైతే జూన్ 15 దాటాక రండి. వేటకెళ్లిన పడవలు తిరిగొచ్చే వారం అది.

ఏ హోటల్లోనైనా కూర్చోగానే "పలకేది?" అని అడగండి. లేకపోతే కోప్పడకండి, లేచి పోకండి. అడిగినట్టు వాళ్లకు గుర్తుండేలా అడగండి, అంతే. రోజుకు ఇరవై మంది అడిగితే ఇరవై ఒకటో వాడికి పలక కనపడుతుంది.

తీర గ్రామాల వారికి: అక్టోబరు 2న గ్రామసభ ఉంది. ఎజెండాలో రెండు అంశాలు చేర్చమని ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. ఒకటి, పంచాయతీ పరిధిలో చేప వండి అమ్మే ప్రతి చోటా పలక. రెండు, పడవలు దిగేచోట నీడ, నీళ్లు, ఐసు, పొయ్యిలకు స్థలం చూపి మత్స్యశాఖకు పంపే తీర్మానం. సభకు చేపలమ్మే ఆడవాళ్లు తప్పక రావాలి. వాళ్లు రావాలంటే సభ పొద్దున పాట వేళ పెట్టకూడదు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టమనండి. ఈ కాగితం చదివినవారు ఇంకొకరికి ఇవ్వండి. హోటలు గల్లాపెట్టె దగ్గర ఒకటి వదిలి రండి.