డిసెక్షన్ హాలంటే భయం

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ మొదటి సంవత్సరం. డిసెక్షన్ హాల్లో శవాన్ని చూసి కళ్లు తిరిగి పడిపోయిందట. అన్నం సయించడం లేదు, చదువు మానేస్తానంటోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, రాజోలు

జవాబు: కంగారు పడకండి. ఇది పిరికితనం కాదు. భయంతో గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా తగ్గితే మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతాయి, ఆకలి చస్తుంది. ఖాళీ కడుపుతో వెళ్లనివ్వకండి. తూలినట్లనిపిస్తే వెంటనే పడుకుని కాళ్లు ఎత్తి ఉంచాలి. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో మొదలైంది. అక్కడ చదివిన కోనసీమ డాక్టర్లనెవరినైనా అడగండి, తమ మొదటి రోజు గురించి చెబుతారు. చాలామందికి కొద్ది వారాల్లో అలవాటవుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, మళ్లీ స్పృహ తప్పినా డాక్టరుకు చూపించండి. అంతవరకు చదువు మాన్పించకండి.