అక్షరం మధ్యలో చెయ్యి వదిలేస్తారా?

సోమవారం ప్రజావాణికి మెదక్ కలెక్టరేట్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది భూమి తగాదాల్లో చిక్కిన రైతులు, పింఛను అందని ముసలివాళ్లు. వాళ్ల గోడు తెలుగులో ఉంటుంది, దరఖాస్తూ తెలుగులోనే ఉండాలి. దాన్ని లినక్స్ కంప్యూటర్ మీద టైపు చేస్తుంటే ఒత్తులు మాయమవుతాయి, ఉన్నట్టుండి కీబోర్డు మూగబోతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి పట్టా పోయిందని ఏడుస్తుంటే, తెర మీద 'పట్టా' అన్న మాట కూడా నిలవదు. ఇది ఏళ్లుగా సాగుతోంది. ఎవరికీ పట్టదు.

ఇంగ్లిషులో ఏ మీట నొక్కితే ఆ అక్షరం పడుతుంది, కథ అక్కడితో సరి. తెలుగును ఇంగ్లిషు మీటలతో ఉచ్చారణను బట్టి కొట్టేవాళ్లకు మధ్యలో ఐబస్‌లాంటి ఇన్‌పుట్ మెథడ్ కావాలి. 'పట్టా'లో టకారం రెండుసార్లు కొడితే అది ముందు 'ట్ట్' అని పట్టుకుని, కింద గీత గీసి, అచ్చు కోసం ఎదురుచూస్తుంది. దీర్ఘం కొట్టాకే 'ట్టా' అవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఏదో కిటికీ తెరుచుకుని ఫోకస్ లాక్కుందా, అక్షరం గల్లంతే. ఒక ప్రోగ్రాములో 'పట్ట్' అని మిగులుతుంది, మరోదాంట్లో 'ప' ఒక్కటే. కొన్నిసార్లు ఆ ఫోకస్ లాక్కునేది ఇన్‌పుట్ మెథడ్ తెరిచిన సొంత కిటికీయే! రాసే మనిషి వెళ్లిపోయాడనుకుని ప్రోగ్రాము అక్షరాన్ని పారేస్తుంది. మనిషి ఎక్కడికీ పోలేదు, కుర్చీలోనే ఉన్నాడు.

పాత ఎక్స్ పద్ధతి పోయి వేలాండ్ వస్తే తీరుతుందన్నారు. అక్కడ టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్‌కు ఒకటికి మించి వెర్షన్లున్నాయి. డెస్క్‌టాప్ ఒక వెర్షన్, బ్రౌజర్ మరో వెర్షన్ పట్టుకుని కూర్చుంటే నలిగేది మన అక్షరమే. ఫిర్యాదు చేస్తే 'మా దగ్గర బాగానే ఉంది' అంటారు. ఇంగ్లిషులో కొట్టి చూస్తే ఎందుకు బాగుండదు?

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి, దానికి మధ్యవర్తి అక్కర్లేదు అని ఇంకొందరి సలహా. నిజమే, ఆ మీటలు నేరుగా తెలుగు అక్షరాలే ఇస్తాయి. కానీ ప్రోగ్రాము తప్పును దిద్దకుండా మనుషుల వేళ్లను దిద్దుకోమనడం ఏం న్యాయం?

నా కోపం జీతం లేకుండా కోడ్ రాసే వాలంటీర్ల మీద కాదు. స్వేచ్ఛ సంస్థ పిల్లలు తెలుగు లినక్స్ కోసం రాత్రులు కూర్చున్నారు, వాళ్లకు దండం. నా కోపం డబ్బూ అధికారమూ ఉన్నవాళ్ల మీద. ఐబస్‌తో మనం తెలుగు కొట్టేటప్పుడు తరచుగా వాడే ఎం17ఎన్ లైబ్రరీ జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థలో తయారైంది. జపాన్ ప్రజల పన్నుల డబ్బు మన గుణింతాలకు దారి వేసింది. మనవాళ్లేం చేశారు? 2008లో ప్రాచీన హోదా వచ్చిందని పండుగ చేసుకున్నారు. 2017 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపారు. రెండు నెలలకే, 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' రూపంలోని ఒక అక్షరాల కూర్పు వస్తే ఐఫోన్లు కుప్పకూలడం మొదలైంది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, ఆపిల్ రోజుల్లోనే సవరణ పంపింది. మన అక్షరం వాళ్ల ఫోన్లకు నొప్పి కలిగిస్తే రోజుల్లో మందు దొరికింది. లినక్స్ కంప్యూటర్లు మన అక్షరాన్ని నరికేస్తుంటే ఏళ్లు గడిచినా అడిగే నాథుడు లేడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైమాటే. ఇంతమంది గొంతు చాలదా?

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలూ కలిసి నలుగురు ఇంజనీర్లకు జీతమిచ్చి ఈ పని మీద కూర్చోబెట్టాలి. కోడ్ అంతా తెరిచే ఉంది, దిద్దడానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. పరీక్ష కూడా నేనే చెబుతాను: 'పట్టా' సగం కొట్టి, మౌసుతో పక్క గడిలో నొక్కండి. కొట్టిన సగం మొదటి గడిలోనే ఉండాలి. పక్క గడిలోకి దూకకూడదు, మాయం కాకూడదు, తర్వాతి మీట మూగబోకూడదు. దీంట్లో తప్పిన ఏ కంప్యూటర్‌నూ తెలుగు పని చేసే ఏ ఆఫీసుకూ కొనవద్దు, బిల్లు పాస్ చేయవద్దు.