మచ్చు కుదిరింది, బట్ట కుదరలేదు



పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని మీకు తెలుసు గదా! పసుపు అదే. దానికి తోడు మారగానే రంగు మారింది. ఎన్నో ఏళ్లు పాఠం చెప్పిన యీ సంగతిని నేనే ఒకసారి మరిచిపోయాను.

నేను ఉద్యోగం విరమించిన తర్వాత, నందిగామలో పిల్లలు నాటకం వేయబోతూ పది ఎర్రని ఉత్తరీయాలు కావాలన్నారు. జగ్గయ్యపేటలో మా యింట్లో 20 గ్రాముల నూలుగుడ్డను మచ్చుకు తీసుకున్నాను. అర గ్రాము రంగుపొడి, 4 గ్రాముల ఉప్పు, 400 మిల్లీలీటర్ల బావినీళ్లు వేసి ఉడికించాను. దానిమ్మపువ్వు రంగు వచ్చింది. "ఇదే కావాలి మాస్టారూ!" అని పిల్లలు గంతులు వేశారు.

ఉత్తరీయాలు 2 కిలోలు తూగాయి. అంటే మచ్చుకు 100 రెట్లు. రంగుపొడి 50 గ్రాములు, ఉప్పు 400 గ్రాములు తూచి వేశాను. నీళ్లు మాత్రం కొలవలేదు. నందిగామలో దొరికిన డేగిశా నిండేదాకా పోయించి, మంట పెట్టి, బట్టలన్నీ ఒక్కసారే పడేశాను. ఆరిన తర్వాత చూస్తే ఏముంది? కొన్ని వెలిసిన గులాబీరంగు, కొన్ని మచ్చలు మచ్చలు! రాజు వేషం వేసే కుర్రవాడు తన ఉత్తరీయం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పెడనలో కలంకారీ అద్దకం చేసిన ఒక పెద్దాయన మచ్చునూ ఉత్తరీయాన్నీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాడు. "నీళ్లెన్ని పోశారు?" అని అడిగాడు. కొలిచి చూస్తే డేగిశాకు 60 లీటర్లు పట్టాయి! మచ్చుకు బట్ట బరువుకు 20 రెట్లు నీళ్లు పోసిన నేను, ఉత్తరీయాలకు 30 రెట్లు పోశానన్నమాట. నీళ్లు ఎక్కువైతే కొంత రంగు బట్టకు పట్టక నీళ్లలోనే ఉండిపోతుంది. పైగా చిన్నగిన్నె అంతా ఒకే వేడి. డేగిశాలో వేడి అంతటా ఒకేలా ఉండదు. కలియబెట్టకపోతే మచ్చలు తప్పవు. నీళ్లూ మారాయి. జగ్గయ్యపేటది సున్నపురాతి నేల. బావినీళ్లలో కరిగిన సున్నం కొన్ని రంగులను మార్చగలదు.

బట్టల మిల్లుల్లోనూ యిదే చిక్కు. ప్రయోగశాలలో చిన్నముక్కకు కుదిరిన రంగు పెద్ద యంత్రంలో తప్పుతుంది. అందుకే బట్ట బరువు, నీళ్లు, వేడి, కాలం అన్నీ రాసిపెట్టుకోవాలి. మచ్చుకు కూడా మిల్లు నీళ్లే వాడాలి. రెండూ ఆరిన తర్వాత ఒకే వెలుతురులో పోల్చాలి. తడిబట్ట ముదురుగా కనిపించి మోసం చేస్తుంది!

మరికొంచెం రంగు కలిపి, 40 లీటర్ల నీళ్లలో, సన్నని మంట మీద కలియబెడుతూ మళ్లీ అద్దాం. తొమ్మిది ఉత్తరీయాలు కుదిరాయి. ఒకదాని మచ్చలు పోలేదు. అది నా పెట్టెలోనే ఉన్నది. కుర్రవాడికి కొత్తది అద్ది యిచ్చాను.

మీరూ చేసి చూడండి. రెండు గిన్నెల్లో సమానంగా పసుపు వేసి, ఒకదానిలో ఒక గ్లాసు, రెండోదానిలో నాలుగు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు పోయండి. ఒకే తాను లోని రెండు సమానమైన తెల్లగుడ్డ ముక్కలు పది నిమిషాలు నానబెట్టి, నీడలో ఆరవేయండి. ఏది ముదురుగా ఉంటుందో ముందే ఊహించి రాసుకోండి. ఆ తర్వాతే చూడండి!