365 రాత్రుల గది

2020లో అమెరికాలో హ్యూస్టన్ రియల్టర్ల సంఘం తన లిస్టింగుల్లో "మాస్టర్ బెడ్రూమ్" అనే మాట తీసేసి "ప్రైమరీ బెడ్రూమ్" అని పెట్టింది. యజమాని, బానిస అనే పాత అర్థాలు ఆ మాటలో వినిపిస్తున్నాయని వాళ్ళ అభ్యంతరం. అక్కడి చరిత్ర అక్కడిది. మన దగ్గర మాత్రం ఆ మాట ఇంకా దర్జాగా తిరుగుతోంది. ఏ అపార్ట్‌మెంట్ బ్రోచర్ చూసినా "మాస్టర్ బెడ్రూమ్ విత్ అటాచ్డ్ బాత్ అండ్ వార్డ్‌రోబ్" ఉండాల్సిందే. నాకు ఆ మాటతో పేచీ లేదు. ఆ గదిలో మాస్టర్ ఎవరు అన్నదే నా ప్రశ్న.

మా ఇంట్లో పరిస్థితి చెప్తాను. తణుకులో 1986లో మా తాతయ్య కట్టించిన ఇల్లు. పెద్ద పడగ్గదిలో నాన్నమ్మా, అమ్మా పడుకుంటారు. ఇంటి యజమాని అయిన మా నాన్న హాల్లో దివాన్ మీద, టీవీ రిమోట్ గుండెల మీద పెట్టుకుని నిద్రపోతారు. అంటే మాస్టర్ గారు మాస్టర్ బెడ్రూమ్‌లో లేనే లేరు. బాత్రూమ్ పెరట్లో ఉంది. టేపు పెట్టి కొలిచాను: నాన్నమ్మ మంచం దగ్గర్నుంచి హాలు, వంటిల్లు దాటి, రెండు మెట్లు దిగి అక్కడికి చేరేసరికి 42 అడుగులు. నాన్నమ్మకి 79 ఏళ్ళు. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు ముట్టదు. "దాహం లేదురా" అంటుంది. దాహం లేక కాదు, రాత్రి లేవాల్సి వస్తుందని.

వచ్చే మాఘమాసంలో మా అన్నయ్య పెళ్ళి. అందుకే ఇల్లు బాగుచేయిస్తున్నాం. పెద్ద గదికి తూర్పున ఉన్న సామాన్ల గదిని కలిపి ఒక బాత్రూమ్, బట్టలకి ఒక జాగా తీయాలని ప్లాన్. డబ్బులు ఒక్క బాత్రూమ్‌కే ఉన్నాయి. "కొత్త కోడలు వస్తోంది, పెరట్లోకి పంపిస్తామా?" అన్నది అందరి మాట. న్యాయమైన మాటే. కానీ అన్నయ్య ఉద్యోగం హైదరాబాద్‌లో. సంక్రాంతికీ, దసరాకీ కలిపి లెక్కేసినా ఏడాదికి పది రాత్రులు ఇక్కడ పడుకుంటే గొప్ప. మిగిలిన 355 రాత్రులు ఆ గది నాన్నమ్మదీ, అమ్మదీ. గదిని పది రాత్రుల అతిథుల కోసం గీయాలా, 365 రాత్రుల మనుషుల కోసం గీయాలా? రెండోదే అంటాను నేను. ఇలా అంటే కోడల్ని తక్కువ చేసినట్టు కాదు. పండక్కి వాళ్ళొచ్చినప్పుడు గది వాళ్ళకిచ్చి మిగతావాళ్ళం హాల్లో పక్కలు వేసుకుంటాం, ఎలాగూ అది మన ఇళ్ళలో ఉన్న అలవాటే. గది ఎవరికిస్తామన్నది మర్యాద. గది ఎవరి ఒంటికి సరిపోవాలన్నది ఇంజనీరింగ్. ఈ రెండింటినీ కలిపేస్తున్నాం.

ఇప్పుడు కొలతల్లోకి వద్దాం. సివిల్ వాళ్ళు కాకపోయినా చదవండి, ఇందులో కూడికలూ తీసివేతలే ఉన్నాయి.

పడగ్గది 11 అడుగులు × 14 అడుగులు. పక్కనున్న సామాన్ల గది 11 × 6.5. మధ్యలో 11 అడుగుల పొడవున 9 అంగుళాల ఇటుక గోడ. మా మేస్త్రీ గారు వేసిన ప్లాన్ ఇదీ: ఆ గోడకి నాలుగడుగుల ఆర్చీ కొట్టి, లోపలికి అడుగుపెట్టగానే బట్టల గది, అక్కడ మలుపు తిరిగితే 2.5 అడుగుల తలుపు, ఆ తలుపు వెనక 5 × 6.5 బాత్రూమ్. యూట్యూబ్‌లో కనిపించే "వాక్ ఇన్ క్లోజెట్" అదే. చూడ్డానికి బావుంటుంది. కోడ్ కూడా ఒప్పుకుంటుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం స్నానాల గది, టాయిలెట్ కలిసి ఉంటే కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 30 చదరపు అడుగులు. ఇది 32.5. పాస్. కానీ కోడ్ ఇచ్చేది పాస్ మార్కు మాత్రమే. 35 మార్కులొచ్చిన పేపర్‌ని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోం కదా.

పడగ్గది ప్లాన్‌ని మంచంతోనో, బీరువాతోనో మొదలుపెట్టకూడదన్నది నా వాదన. రాత్రి రెండు గంటలకి, సగం నిద్రలో, లైటు వేయకుండా ఒక పెద్దావిడ నడిచే దారి ఏదో దానితో మొదలుపెట్టాలి. కాగితం మీద ముందు ఆ గీత గీయండి. ఆ గీతకి అడ్డం రాకుండా మిగతావన్నీ సర్దండి. మేస్త్రీ గారి ప్లాన్‌లో ఆ గీత ఆర్చీలోంచి దూరి, బట్టల మధ్య మలుపు తిరిగి, ఇరుకు తలుపు దగ్గర ఆగుతోంది. 2.5 అడుగుల తలుపు అంటే 30 అంగుళాలు. రెండు వైపులా ఫ్రేమ్ పోతే మిగిలేది ఇంచుమించు 25. వీల్‌చైర్ వెడల్పే దాదాపు అంత. ఇక దాన్ని తోసుకునే చేతులు ఎక్కడ పెట్టాలి? "ఇప్పుడు నాన్నమ్మ నడుస్తూనే ఉంది కదా" అంటారు. బాత్రూమ్ కట్టేది పాతికేళ్ళకి. నాన్నమ్మ తర్వాత ఆ గదిలో ముసలయ్యేది మా అమ్మ.

నేను గీసింది ఇదీ. బాత్రూమ్ 7.5 × 6.5. పడగ్గదిలోంచి నేరుగా ఒకటే తలుపు, మూడడుగులది. మిగిలిన మూడడుగుల ముక్కకి వెనక వైపు నుంచి తలుపు పెట్టి సామాన్లకే ఉంచడం. పడగ్గదిలో మంచం తల దక్షిణం గోడకి. రెండు సింగిల్ మంచాలు కలిపితే 6 అడుగుల వెడల్పు, 6.5 అడుగుల పొడవు. గది 11 అడుగులు కాబట్టి కాళ్ళ వైపు 4.5 అడుగులు ఖాళీ. బాత్రూమ్ తలుపు సరిగ్గా ఆ ఖాళీకి ఎదురుగా వస్తుంది. మంచం దిగి, గోడ పట్టుకుని తొమ్మిది పదడుగులు నడిస్తే చాలు. 42 ఎక్కడ, 10 ఎక్కడ?

ఆ తలుపు బయటికి, అంటే పడగ్గదిలోకి తెరుచుకోవాలి. మన ఇళ్ళలో బాత్రూమ్ తలుపులన్నీ దాదాపుగా లోపలికే తెరుచుకుంటాయి. లోపల మనిషి జారిపడితే ఆ ఒళ్ళే తలుపుకి అడ్డం పడుతుంది. బయటివాళ్ళు తోసే ప్రతి తోపూ పడ్డ మనిషికే తగులుతుంది. కబ్జాలు అటు కాకుండా ఇటు బిగిస్తే అయ్యే అదనపు ఖర్చు సున్నా. లోపల గొళ్ళెం కూడా అవసరమైతే బయటి నుంచి తీయగలిగేది పెట్టాలి.

గడప వద్దు. నీళ్ళు గదిలోకి రాకుండా మూడంగుళాల గడప కడతారు, పెద్దవాళ్ళ కాలు తట్టుకునేది దానికే. నీళ్ళని ఆపాల్సింది వాలు. గచ్చు తూము వైపు 80కి 1 చొప్పున వాలితే చాలు, అంటే అయిదడుగులకి ముప్పావు అంగుళం. నడిచేవాళ్ళకి తెలీదు, నీళ్ళకి తెలుస్తుంది. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ పూత గోడల మీదకి ఒక అడుగు ఎక్కించి, తూము మూసి, నీళ్ళు నింపి ఒక రోజంతా చూడాలి. చేతికడ్డీలు ఎక్కడ వస్తాయో కూడా టైల్స్‌కి ముందే గుర్తు పెట్టుకోవాలి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. కడ్డీకి వెనక గట్టి ఇటుక ఉండాలి. మనిషి బరువంతా పడేది దాని మీదే.

గ్లాసు పార్టిషన్ గురించి ఒక్క మాట. షోరూముల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. మా ఇంట్లో స్నానమంటే బకెట్టూ, మగ్గూ, పీటా. పీట మీద కూర్చుని పోసుకునే మనిషికి గ్లాసు పెట్టె ఎందుకు? ఆ జాగా ఖాళీగా వదిలేస్తే కమోడ్ పోను దాదాపు అయిదడుగుల చోటు మిగులుతుంది. వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి కావాల్సిన 1.5 మీటర్లూ ఇంచుమించు అంతే.

ఇక బట్టలు. వాక్ ఇన్ క్లోజెట్ అనేది హ్యాంగర్లకి తగిలించే కోట్ల కోసం పుట్టిన ఏర్పాటు. మా అమ్మ పట్టుచీరలు హ్యాంగర్‌కి ఉండవు. పాత నూలుబట్టలో చుట్టి, మడత పెట్టి, అరలో పడుకుంటాయి. వాటికి కావాల్సింది లోతు తక్కువ అరలు, అరకీ అరకీ మధ్య అడుగు ఎత్తు, పొడి గాలి. మూడోది ముఖ్యం. మాది గోదావరి డెల్టా. వానాకాలంలో అప్పడాలే మెత్తబడిపోతాయి. అలాంటి ఊళ్ళో బాత్రూమ్ తలుపు తెరిచినప్పుడల్లా వేడినీళ్ళ ఆవిరి బట్టల గదిలోకి రావడమంటే చీరలకి బూజుని పిలిచి బొట్టు పెట్టడమే. తడి గోడకి ఆనించి ప్లైవుడ్ అలమర పెట్టినా అంతే, చెమ్మ వెనక నుంచి తినేస్తుంది. అందుకే నేను బట్టల్ని బాత్రూమ్‌కి ఎదురుగా ఉన్న పడమటి గోడకి పంపించాను. రెండడుగుల లోతు పోయినా గదిలో 12 అడుగులు మిగులుతాయి. మంచానికి అటూ ఇటూ మూడేసి అడుగులు. నాన్నమ్మకి బీరువా నైరుతి మూలనే ఉండాలి. పొడి గోడ కూడా అటే కాబట్టి వాస్తుకీ నాకూ గొడవ రాలేదు.

ఈ లెక్కలు వేస్తుంటే ఇంకో సంగతి కనిపించింది. ఇంట్లో ఉన్నది ఒకటే బీరువా. అందులో నాన్న చొక్కాలు, అన్నయ్య సర్టిఫికెట్లు, పొలం కాగితాలు, పాస్‌బుక్కులు, నాన్నమ్మ వెండిగిన్నెలు. అమ్మకి దక్కింది ఒకటిన్నర అర. ముప్పై ఏళ్ళ కాపురానికి ఒకటిన్నర అర! నా ప్లాన్‌లో ఏడడుగుల అలమరలో మూడడుగులు అమ్మ పేరు మీద, తాళంతో సహా. "నాకెందుకురా అంత?" అంది. ఎందుకన్నది ఆవిడ తర్వాత తీరిగ్గా కనుక్కుంటుంది. ముందు జాగా అంటూ ఉండాలి.

ఆర్చీ సంగతి కూడా తేల్చాలి. 1986 ఇంటికి కాలమ్స్ లేవు. శ్లాబు బరువంతా ఈ 9 అంగుళాల గోడల మీదే ఉంది. అలాంటి గోడకి ఎంత చిన్న కన్నం పెడితే అంత మంచిది. మూడడుగుల తలుపు చాలు. ముందు శ్లాబుకి కింద పోట్లు పెట్టి, తర్వాత గోడ కొట్టి, లింటెల్ రెండు పక్కలా కనీసం ఆరేసి అంగుళాలు గోడ మీద కూర్చునేలా వేయాలి. మేస్త్రీ గారితో ఈ మాటే అంటే, "ఆయ్, నలభై ఏళ్ళ నుంచీ కడుతున్నామండి బాబూ" అన్నారు. నిజమే, ఆయన చేతి పనితనం నాకు ఈ జన్మకి రాదు. అయితే కట్టడం వేరు, కట్టిన దాన్ని కొట్టడం వేరు. ఈ ఒక్క విషయంలో అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవమని మా నాన్నకి గట్టిగా చెప్పాను. థర్డ్ ఇయర్ కుర్రాణ్ణి నమ్మమని నేనూ అనను.

నా ప్లాన్ ఇంకా ఒప్పుకోలేదు ఎవరూ. అమ్మ నా వైపు. నాన్న ఆలోచిస్తున్నారు. అన్నయ్య ఫోన్లో "మీ ఇష్టం" అన్నాడు, అంటే కాబోయే వదినని అడగాలని అర్థం. వదిన కాదంటుందని నేను అనుకోవడం లేదు. వాళ్ళింట్లోనూ ఒక అమ్మమ్మ ఉంది.

మనం ఆటోక్యాడ్ ల్యాబ్‌లో ఎన్నో ఇళ్ళు గీశాం. ఒక్క ఇంట్లోనూ మనిషిని గీయలేదు. మంచం బ్లాకు ఉంటుంది, కమోడ్ బ్లాకు ఉంటుంది, మధ్యలో నడిచే మనిషి ఉండదు. ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక టేపు పట్టుకెళ్ళండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ మంచం నుంచి బాత్రూమ్ దాకా కొలవండి. దారిలో ఎన్ని గడపలో లెక్కపెట్టండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి. ఆ తర్వాత, సాయంత్రం ఎన్నింటికి మంచినీళ్ళు తాగడం మానేస్తారో వాళ్ళనే మెల్లగా అడగండి.