డాక్టరు రాసిన శాతం ఆఖరి మాట కాదు

కోనసీమలో పరిహారం మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది గొట్టం పక్కన కాపురమున్న జనమే గాని కంపెనీ పనివాళ్లు కారు. అందుచేత కార్మిక పరిహార చట్టం వారికి అక్కరకు రాలేదు. ప్రకటించిన ఎక్స్‌గ్రేషియాయే దిక్కయింది. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం ఒకటి వుంది గాని, 2014 నాటికి అందులో మనిషి ప్రాణానికి కట్టిన ధర 25 వేల రూపాయలు! శాశ్వతంగా అవిటివాడయితే ఆ 25 వేలలోనే డాక్టరు రాసిన శాతం మేరకు లెక్క.

ఈ శాతం గొడవ నగరంతో పోలేదు. పన్లో దెబ్బతిన్న ప్రతి కూలీ మెడకూ ఇదే చుట్టుకుంటున్నది.

1923 నాటి పరిహార చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. బోర్డు మారింది, లోపలి సరుకు ఇంచుమించు పాతదే. యంత్రంతో కోతలు, నూర్పిళ్లు చేసేవాళ్లు, పురుగుమందు కొట్టేవాళ్లు, తాటిచెట్లు గీసేవాళ్లు ఈ చట్టం కిందికి వస్తారు. ఏ అవయవం పోతే ఎంత శాతమో షెడ్యూలులో వుంది. బొటనవేలు మొత్తం పోతే 30, చూపుడువేలు పోతే 14. షెడ్యూలుకెక్కని దెబ్బలకు, అంటే వంగని మోకాలికి, విరిగి వంకరగా అతుక్కున్న చేతికి, నడుం పట్టుకు, సంపాదనా శక్తి ఎంత తగ్గిందో అర్హతగల వైద్యుడు అంచనా కట్టాలి.

అసలు తిరకాసంతా ఈ ‘సంపాదనా శక్తి’ దగ్గరే వుంది. ఆసుపత్రిలో డాక్టరుగారు మోకాలు ఎంత మేర వంగుతున్నదో కొలుస్తారు. ఆ కొలత ప్రకారం ఒక అంకె వేస్తారు. అది ఒంటికి సంబంధించిన లెక్క. తాటిచెట్టు గీసేవాడికి మోకాలు లేకపోతే చెట్టే లేదు. దింపు కార్మికుడి సంగతీ అంతే. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసుకునే గుమాస్తాకు అదే మోకాలితో జీతంలో పైసా తగ్గదు. ఇద్దరికీ 30 శాతమే రాస్తే న్యాయం ఎక్కడుంది?

డబ్బుల్లో చూద్దాం. నలభై ఏళ్ల మనిషి, నెల సంపాదన 10,000. అందులో 60 శాతం, అంటే 6,000ను ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 184.17తో హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. పూర్తి వైకల్యానికి రావలసిందిది. 30 శాతమే అంటే చేతికొచ్చేది 3,31,506. డాక్టరు కలం ఒక గీత అటో ఇటో గీస్తే ఏడున్నర లక్షల పైచిలుకు తేడా!

సుప్రీంకోర్టు ఈ సంగతి ఏనాడో తేల్చింది. ఒక వడ్రంగికి ఎడమచెయ్యి మోచేతి పైన తీసేస్తే, అతడిక వడ్రం చెయ్యలేడు గనుక నష్టం నూటికి నూరు శాతమని 1975 డిసెంబరులో చెప్పింది. ఒంటి వైకల్యం శాతం వేరు, సంపాదన నష్టం శాతం వేరు, డాక్టరు చెప్పవలసింది మొదటిది, రెండోదాన్ని తేల్చవలసింది ట్రిబ్యునలు అని 2010లో ఒక మోటారు ప్రమాదం కేసులో మళ్లీ విడమరిచింది. అయినా సదరం క్యాంపులో పింఛను కోసం ఇచ్చిన సర్టిఫికెట్టునే తెచ్చి పరిహారం కేసులో పెట్టి మనోళ్లు సరిపెట్టుకుంటున్నారు. ఆ కాయితం పని వేరు. డాక్టరుకు కూలీ ఏం పని చేసేవాడో చెప్పి, ఆ పని ఇక చెయ్యగలడా లేదా అన్నది విడిగా రాయించుకోవాలి.

ఇ.ఎస్.ఐ. వున్న ఫ్యాక్టరీ కార్మికుడికి మెడికల్ బోర్డు వుంటుంది. దాని నిర్ణయం నచ్చకపోతే అప్పీలుకు దారి చట్టంలోనే రాసి వుంది. పొలం కూలీకి అలాంటి మెట్లు లేవు. కమిషనరు ముందు జరిగే విచారణే అతడి బోర్డు, అతడి అప్పీలు కూడాను.

యజమాని తరఫు డాక్టరు గురించి ఒక మాట. ప్రమాదం నోటీసు అందిన మూడు రోజుల్లో యజమాని ఉచితంగా పరీక్ష చేయిస్తానంటే కూలీ వెళ్లాలి. కారణం లేకుండా వెళ్లకపోతే పరిహారం హక్కు అప్పటికి ఆగిపోతుంది. వెళ్లాలి గాని ఆ డాక్టరు రాసిందే వేదమని ఒప్పుకోనక్కర్లేదు. మన ఎక్స్‌రేలు, మన డాక్టరు రాసిన కాయితం పక్కన పెట్టి పోటీకి నిలబెట్టాలి. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. ఎముక విరగ్గానే పుత్తూరు కట్టుకు పరిగెత్తుతారు, లేదా ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటారు. ఖర్చుకు జడిసి వెళ్లేవాళ్లను తప్పుపట్టలేం. కాని ఆర్నెల్ల తర్వాత ఇన్సూరెన్సు వకీలు లేచి ‘ఎముక విరిగిందనటానికి రుజువేది?’ అని అడిగితే చూపించటానికి ఏమీ వుండదు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా ముందుగా సర్కారు ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఓ.పి. చీటీ తప్పనిసరి.

కమిషనరు దగ్గర ఓడితే హైకోర్టు వుందిగా అనుకోవటం పొరపాటు. అక్కడ గణనీయమైన న్యాయాంశం వుంటేనే అప్పీలు. ఈ నిబంధన యజమానికీ అడ్డమే. కమిషనరు నమ్మిన వైద్య సాక్ష్యాన్ని హైకోర్టు మళ్లీ తూచి పరిహారం తగ్గిస్తే చెల్లదని 2016లో సుప్రీంకోర్టు కర్ణాటక కార్మికుల కేసులో తేల్చింది. పోరాటమంతా కింది మెట్టు మీదే జరగాలన్నమాట.

ఆ మెట్టు దగ్గర పెద్ద ఆటంకం డాక్టరు సాక్ష్యానికి రాకపోవటం. రోగులను వదిలి వాయిదాల చుట్టూ ఎవరు తిరుగుతారు? దీనికీ 2010 తీర్పులో మార్గం చూపించారు. డాక్టరుకు వీలయిన వేళ కనుక్కుని, కమిషన్ వేసి ఆసుపత్రిలోనే సాక్ష్యం నమోదు చేయవచ్చు. అమలాపురం ఆసుపత్రిలో నెలకొక మధ్యాహ్నం ఇందుకు కేటాయించమని కార్మిక శాఖను రాతపూర్వకంగా అడగాలి. వైద్యం చేసిన డాక్టరును పిలిపించమనే పిటీషను కూడా మొదటి వాయిదాలోనే పడాలి.