ఎర్రమందు మీద వేసే నిందలు

“కీమో ఎక్కించారు, పోయింది.” చిలకలూరిపేట నుంచి దర్శి దాకా, సత్తెనపల్లి నుంచి పర్చూరు దాకా ఏ ఊళ్ళో రొమ్ము కేన్సర్ మాట వచ్చినా ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పక్కనున్నవాళ్ళు అందుకుంటారు. ఆ వెంటనే ఎవరి ఫోన్లోనో ఒక వీడియో మోగుతుంది: కీమో అంటే నరాల్లోకి ఎక్కించే పురుగుమందట, నూటికి తొంభై ఏడుమందికి పనిచేయదట, లక్ష్మణఫలం దానికన్నా పదివేల రెట్లు గొప్పదట. ఇవి విని, గడ్డ నిమ్మకాయంత ఉన్నప్పుడే రావలసిన ఆడవాళ్ళు అది పగిలి రసి కారేదాకా పసర్లు కట్టుకుని, ఆఖర్న ఆస్పత్రి మెట్లెక్కుతున్నారు. ఈ మాటలకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం తప్పు.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటాను. ఈ మందు మెత్తనిది కాదు. మన ఆస్పత్రుల్లో ఎర్రమందు అని పిలిచేది డాక్సోరుబిసిన్. పాత పేరు అడ్రియామైసిన్. ఇటలీ పరిశోధకులు మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని తీసి, తమ ఒడ్డునున్న అడ్రియాటిక్ సముద్రం పేరు పెట్టుకున్నారు. అమెరికాలో 1974లో అనుమతి వచ్చింది. అంటే యాభై ఏళ్ళుగా దీని మంచీ చెడ్డా లోకానికి తెలుసు. రొమ్ము కేన్సర్‌లో సైక్లోఫాస్ఫమైడ్ అనే మరో మందుతో కలిపి 21 రోజులకోసారి, మామూలుగా నాలుగు విడతలు ఎక్కిస్తారు. చీలి పెరిగే కణంలోకి దూరి దాని డీఎన్ఏను తెంపడం దీని పని. కేన్సర్ కణం ఆగకుండా చీలుతూనే ఉంటుంది కాబట్టి దానికి దెబ్బ ఎక్కువ. కానీ ఒంట్లో చకచకా పెరిగేవి ఇంకా ఉన్నాయి: జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల్లోని మూలుగ. వాటికీ తగులుతుంది. రెండు మూడు వారాలకు జుట్టు ఊడేదీ, నోరు పూసేదీ, రక్తంలో తెల్లకణాలు పడిపోయేదీ అందుకే. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. ఈ ఒక్క ముక్క ఎవరూ ముందుగా చెప్పకపోతే మనిషి మొదటి విడతకే హడలిపోతుంది.

ఇక పురుగుమందు సంగతి. పురుగుమందు ఏం చేస్తుందో మన పత్తి నేలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్న రైతులను ఈ నేల ఇంకా మరిచిపోలేదు. మోనోక్రోటోఫాస్ లాంటివి నరాల వ్యవస్థను కొడతాయి. నోట చొంగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంతైన కంటిపాప, ఆడని ఊపిరి. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పేరు మన పల్లెల్లో అక్షరం రానివాళ్ళకు కూడా తెలుసు, తెలుసుకోవలసి వచ్చింది. డబ్బా మూతతో కొలిచి, ఒట్టి చేత్తో కలిపి, మూతికి గుడ్డైనా కట్టుకోకుండా కొట్టేది పురుగుమందు. ప్రతి విడతకూ బరువు తూచి, ఎత్తు చూసి, ఒంటి వైశాల్యానికి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టి, రక్తపరీక్ష బాగుంటేనే ఎక్కించేది కీమో. రెండూ విషాలే కావచ్చు. పనిచేసే తీరులోనూ, వాడే పద్ధతిలోనూ ఒకదానికొకటి పొంతన లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టినవాడికి చేనూ తెలియదు, ఆస్పత్రీ తెలియదు.

పదివేల రెట్లు అన్న మాట ఎక్కడ పుట్టిందో చూడండి. 1996లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు లక్ష్మణఫలం గింజల నుంచి ఒక పదార్థం తీసి, గాజుపళ్ళెంలో పెంచిన పెద్దపేగు కేన్సర్ కణాల మీద వేసి చూశారు. అక్కడ అది అడ్రియామైసిన్‌ను, అంటే ఈ ఎర్రమందునే, పదివేల రెట్లు మించినట్టు కనబడింది. వాళ్ళు వాడింది గింజ, పండు కాదు. పరీక్షించింది పళ్ళెంలోని కణాలను. ఒక్క రోగికి కూడా ఇచ్చి చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు దాటినా ఆ పదార్థం ఏ కేన్సర్‌కూ మందు కాలేదు. అసలు ఆ జాతి పదార్థాలు ఏం చేస్తాయో మన ఇళ్ళలో ముసలివాళ్ళనడిగినా చెబుతారు. లక్ష్మణఫలం సీతాఫలానికి దాయాది. సీతాఫలం గింజలు నూరి తలకు పట్టించి పేలు చంపేవాళ్ళు, కంట్లో పడితే ప్రమాదమని పిల్లల కళ్ళకు గుడ్డ కట్టేవాళ్ళు. ప్రకృతి సేద్యం చేసే రైతు బ్రహ్మాస్త్రం కషాయంలో సీతాఫలం ఆకు వేసేది పురుగు చావడానికే. కరీబియన్ సముద్రంలోని గ్వాడలూప్ దీవిలో ఈ పండ్లూ, ఈ ఆకుల కషాయమూ బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్‌ను పోలిన వణుకుడు జబ్బు కనిపిస్తోందని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. కీమో పురుగుమందని భయపెట్టే మనిషి ఆఖర్న మనకు అమ్ముతున్నది పురుగును చంపే ఆకు పొడి. దీన్ని మోసం అనక ఏమనాలి?

తొంభై ఏడు శాతం లెక్క కూడా అలాంటిదే. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు రాసిన వ్యాసం ఒకటుంది. పెద్దవాళ్ళకొచ్చే 22 రకాల కేన్సర్లలో అయిదేళ్ళు బతకడానికి కీమో అందించిన వాటా వాళ్ళ దేశంలో 2.3 శాతం, అమెరికాలో 2.1 శాతం అని తేల్చారు. కానీ ఆపరేషన్‌తోనే నయమైపోయేవాళ్ళనూ, కీమో అవసరమే లేనివాళ్ళనూ కూడా ఆ లెక్కలో కలిపేశారు. కీమోతో బాగా నయమయ్యే పిల్లల కేన్సర్లు అందులో లేవు, ల్యుకేమియా లేదు. అవసరం లేనివాళ్ళందరినీ కలిపి భాగిస్తే ఏ మందు వాటా అయినా చిన్నగానే కనబడుతుంది. అవసరమున్నవాళ్ళ సంగతి అడగండి. 123 పరీక్షల్లో పాల్గొన్న లక్షమంది ఆడవాళ్ళ వివరాలు కలిపి ఆక్స్‌ఫర్డ్ బృందం 2012లో ప్రచురించింది. ఆపరేషన్‌తో పాటు ఎర్రమందు కోవకు చెందిన కీమో తీసుకున్నవాళ్ళలో, ఏ కీమో తీసుకోనివాళ్ళతో పోలిస్తే, రొమ్ము కేన్సర్ చావులు, ఎక్కించిన మోతాదును బట్టి, సుమారు అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గాయి. జబ్బు ఎముకలకూ ఊపిరితిత్తులకూ పాకిపోయాక ఇదే మందు నయం చేయలేదు, కొంతకాలం అదుపు చేస్తుంది. ఆ తేడా రోగికి చెప్పకుండా ఎక్కించే డాక్టరుదీ తప్పే.

మందుల కంపెనీల దురాశ సంగతి నేనూ అంటాను. సొరాఫెనిబ్ అనే కేన్సర్ బిళ్ళలను నెలకు రూ.2.8 లక్షలకు అమ్ముతుంటే, 2012లో భారత ప్రభుత్వం ఇచ్చిన తప్పనిసరి లైసెన్సుతో నాట్కో కంపెనీ సుమారు రూ.8,800కు తెచ్చింది. ఆ కంపెనీని పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి గుంటూరు జిల్లా మనిషే; గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రిలో కేన్సర్ విభాగం కట్టించింది నాట్కో ట్రస్టే. కొట్లాడవలసింది ధర మీద. ఎర్రమందుకైతే పేటెంటు కాలం ఎప్పుడో చెల్లిపోయింది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పేదవాళ్ళకు ఉచితంగానే ఎక్కిస్తున్నారు.

నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి. వీడియోలు వాటి జోలికి పోవు.

ఎర్రమందు నరంలో పారినంతసేపే మందు. నరం దాటి బయటికి కారిందా, ఆ చోట చర్మమూ కండా కుళ్ళిపోతాయి, ఒక్కోసారి వేరే చోటి చర్మం తెచ్చి అతకవలసి వస్తుంది. అందుకే నర్సు ఎర్ర సిరంజి పట్టుకుని పక్కనే ఉంటుంది. సెలైన్ పారుతుండగా కొద్దికొద్దిగా తోస్తుంది, మధ్యమధ్య వెనక్కి లాగి రక్తం తిరిగొస్తోందా అని చూస్తుంది, “మంటగా ఉందా అమ్మా?” అని అడుగుతుంది. ఇక్కడే మన నేల తెచ్చిన చిక్కు ఒకటుంది. ఆ మంచం మీదున్నావిడ ఏళ్ళ తరబడి మిరపకోతలకు పోయిన మనిషి. అరచేతులు భగభగమంటుంటే రాత్రి మజ్జిగలో ముంచుకుని, తెల్లారి మళ్ళీ సాలులో నిలబడ్డ మనిషి. చేతి మీద సన్నగా పుట్టే మంట ఆవిడకు ఒక లెక్క కాదు. “ఫర్వాలేదులేమ్మా, కానీ” అంటుంది. ఆ ఓర్పే ఆవిడ చేతికి ముప్పు. కాబట్టి మన దగ్గర నర్సులు మంట ఒక్కటే అడిగితే చాలదు. చురుక్కుమందా, బిగుసుకుందా, బరువెక్కిందా అని కూడా అడగాలి. రోగి తనంతట తాను ఆ క్షణమే ఆపమనాలి. వెంటనే ఆపితే సూది తీయకముందే కారిన మందును వీలైనంత వెనక్కి లాగుతారు, ఐసు పెడతారు, డెక్స్‌రాజోక్సేన్ అనే విరుగుడును ఆరు గంటల్లోపు మొదలుపెడతారు. విన్‌క్రిస్టిన్ అనే మరో మందు కారితే ఐసు పనికిరాదు, వేడి కాపడం పెట్టాలి. ఇంటికొచ్చాక చెయ్యి ఎర్రబడితే పసుపు రాసి చూద్దామనో, కాపడం పెట్టుకుందామనో అనుకోకుండా ఎక్కించిన చోటికే పోవాలని చెప్పేది ఇందుకే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం జ్వరం. ఎక్కించిన పదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు అట్టడుగుకు దిగుతాయి. ఇరవై ఒకటో రోజుకు పుంజుకుంటాయి. చిత్రమేమిటంటే ఆ రోజుల్లో మనిషి పైకి తేటగానే ఉంటుంది. వాంతులు తగ్గాయి, అన్నం సహిస్తోంది, కూలి పోగొట్టుకోవడం ఎందుకని చేలోకి దిగుతుంది. ఎండిన పత్తికాయ మొన వేలిని గీరుతుంది. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఆ బూజు దుమ్మంతా పీలుస్తుంది. సాయంత్రానికి చలి, ఒళ్ళు వెచ్చన. ఆర్.ఎం.పి. డాక్టరును పిలుస్తారు. పారాసెటమాల్ బిళ్ళ, తుంటికో సూది. జ్వరం దిగుతుంది. రక్తంలో చేరిన క్రిమి మాత్రం అలాగే ఉంటుంది. ఎదిరించే కణాలు లేవు కాబట్టి గాయం వాయదు, చీము పట్టదు, పైకి ఏ గుర్తూ కనబడదు. మర్నాటికి బీపీ పడిపోతుంది. అంబులెన్సు గుంటూరు చేరేసరికి చేయిదాటిపోతుంది. ఊళ్ళో మాత్రం కీమోతో పోయిందంటారు.

తెల్లకణాలను పడగొట్టింది మందే, కాదనను. కానీ ఆ మనిషి ప్రాణం నిలబడే దారి ఒకటి ఉంది, దాన్ని ఇంట్లోనే మూసేశారు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే, అర్ధరాత్రైనా, పండగైనా, బిళ్ళ వేసుకోకుండా ఆస్పత్రికి బయల్దేరాలి. చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. ఇంట్లో ఒక థర్మామీటరు ఉండాలి. రక్తం గడ్డకట్టించే కణాలు కూడా ఆ రోజుల్లో తగ్గి ఉండవచ్చు కాబట్టి తుంటికి సూది అసలే వద్దు. ఆర్.ఎం.పి.లను నిందించడానికి నాకు మనసొప్పదు. మన ఊళ్ళలో అర్ధరాత్రి తలుపు తడితే పలికేది వాళ్ళే. వాళ్ళకు చెప్పేదొకటే: కీమో నడుస్తున్న మనిషికి జ్వరమని తెలియగానే సూది పెట్టె మూసేసి 108కి ఫోన్ చేయండి. ఆ ఇంటికి మీరు చేయగల మేలు అంతకన్నా లేదు.

గుండె సంగతి కూడా దాచకూడదు. ఈ మందుకు జీవితకాలపు హద్దు ఉంది. చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాములకు చేరితే నూటికి అయిదుగురికి, 550కి చేరితే ఇరవై ఆరుగురికి గుండె బలహీనపడిందని 2003లో వెలువడిన లెక్క. విడతకు 60 చొప్పున నాలుగు విడతలకు అయ్యేది 240. ముందుగా ఎకో తీయించి, గుండె బాగుందని తేలాక ఎక్కించుకునేవాళ్ళు హడలిపోనక్కర్లేదు. భయపడవలసింది ఫైలు పోవడానికి. ఒంగోలులో రెండు, గుంటూరులో రెండు, జబ్బు తిరగబెట్టాక హైదరాబాద్‌లో ఇంకొన్ని: పాత కాగితాలు లేకపోతే ఎంత ఎక్కిందో ఏ డాక్టరూ చెప్పలేడు. పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడ దాస్తారో ఆ ఫైలూ అక్కడే దాచండి.

ఎర్రమందు తర్వాత చాలామందికి పాక్లిటాక్సెల్ ఎక్కిస్తారు. దానికి అరికాళ్ళు మొద్దుబారతాయి. పత్తి మోళ్ళలో ఉత్తకాళ్ళతో నడిచేవాళ్ళకు దిగిన ముల్లు తెలియదు. చెప్పులు వేసుకోవాలి, రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి.

ఇంట్లోవాళ్ళతో ఒక మాట. భయపడుతుందని, బలానికి సెలైన్ పెట్టిస్తున్నామని చెప్పి తీసుకొస్తారు. ఏం ఎక్కుతోందో తెలియని మనిషి చెయ్యి మండినా చెప్పదు, జ్వరమొచ్చినా చెప్పదు. ప్రేమతో చెప్పిన ఆ అబద్ధం వల్లే ప్రమాదం దగ్గరకొస్తుంది. అంటుకుంటుందని కంచం, గ్లాసు వేరు పెట్టే ఇళ్ళున్నాయి. కేన్సర్ అంటదు. మందు రెండు రోజులు మలమూత్రాల్లో, వాంతిలో పోతుంది. ఆ రెండు రోజులు మరుగుదొడ్డిలో నీళ్ళు రెండుసార్లు పోయాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి, గర్భిణులు వాటిని ముట్టుకోకూడదు. అంతకు మించి వెలి లేదు. పక్కన పడుకోవచ్చు, మనవణ్ణి ఎత్తుకోవచ్చు. పథ్యం పేరుతో పప్పూ గుడ్డూ మాన్పించి మనిషిని ఎండగట్టకండి. నోరు పూసిన వారం కారం పక్కన పెట్టి పెరుగన్నం, ఉడికిన గుడ్డు, మెత్తటి పప్పు పెట్టండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించమనండి.

ఆస్పత్రులు చేయవలసిందీ ఒకటుంది. రోగి ఇంటికెళ్ళేటప్పుడు ఇచ్చే చీటీ పొడి అక్షరాల ఇంగ్లీషులో ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ పనికిరాదు. ఎక్కించిన మందు పేరు, ఇప్పటిదాకా ఎక్కిన మొత్తం, పదో రోజు ఏ తేదీన పడుతుందో, 100.4 అనే అంకె, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు పెద్ద తెలుగు అక్షరాల్లో రాసివ్వాలి. ఇవ్వకపోతే బస్సెక్కే ముందే అడిగి రాయించుకోండి.