వేట విరామంలోనే మోటారు సంరక్షణ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు సముద్ర వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ విరామంలో మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటారు, తెప్పలకు రంగులు వేసుకుంటారు. అవుట్‌బోర్డ్ మోటారు మాత్రం చాలాచోట్ల పట్టా కింద ఉండిపోయి, వేటకు బయలుదేరే నాడే బయటకు వస్తుంది. ఈ అలవాటు మారాలి.

నిలిచిన మోటారు పైకి బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం పాత పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ట్యాంకులో చెమ్మ చేరుతుంది. ఉప్పు పేరుకొని చల్లబరిచే నీటి దారులు పూడుకుంటాయి. ఆ నీటిని తోడే రబ్బరు ఇంపెల్లరు రెక్కలు వంగి గట్టిపడతాయి.

అందువల్ల వేటకు కనీసం వారం ముందే పాత ఇంధనాన్ని తీసివేసి, ట్యాంకును శుభ్రపరచి, తాజా ఇంధనం నింపాలి. రెండు స్ట్రోకుల మోటారైతే తయారీదారు సూచించిన నిష్పత్తిలోనే ఆయిల్ కలపాలి. ఇంధన గొట్టాలలో పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. స్పార్క్ ప్లగ్గు విప్పి, సిలిండరులో కొద్దిగా నూనె వేసి, ఫ్లైవీలును చేతితో మెల్లగా తిప్పాలి. బిగిసి ఉంటే బలవంతంగా తాడు లాగరాదు. గేరు ఆయిల్ పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లే. సీళ్లు మార్చవలసి ఉంటుంది. ప్లగ్గు తిరిగి బిగించాక, మోటారు అడుగుభాగాన్ని మంచినీటి డ్రమ్ములో ముంచి, న్యూట్రల్‌లో నడిపి చూడాలి. నీరు లేకుండా క్షణమైనా నడపరాదు. సూచక రంధ్రం నుండి నీటిధార రాకపోతే వెంటనే ఆపివేయాలి.

పొలంలో ఆగిన ట్రాక్టరు వద్దకు మెకానిక్ రాగలడు. అలలు విరిగే చోట మోటారు ఆగితే తెప్ప అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. అక్కడికి ఎవరు వస్తారు? ఇది మరమ్మతు ఖర్చుకు మించిన ప్రాణరక్షణ విషయం.

అయితే బాధ్యతనంతటినీ మత్స్యకారునిపైనే మోపడం న్యాయం కాదు. ఆదాయం లేని రెండు నెలల్లో ఇంపెల్లరు కొనడం వాయిదా పడటం సహజమే. ట్రాక్టర్ల నిర్వహణపై రైతులకు శిక్షణ ఇస్తున్నట్లే, తీర జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్యశాఖ కలిసి ఏటా మే చివరి వారంలో ఊరి రేవులోనే మోటారు తనిఖీ శిబిరాలు నిర్వహించాలి. విడిభాగాలను రాయితీపై అక్కడే అందించాలి. నిషేధకాలం చేపల సంతతిని కాపాడుతోంది. ఆ రోజులనే సద్వినియోగం చేసుకుంటే మత్స్యకారుని ప్రాణానికీ రక్షణ లభిస్తుంది.